నలభై ఏడో గీత

ఎల్లాజీని సముద్రం తీసుకుపోయిన దగ్గర్నుంచి దొరబాబు ఒకే మాట పట్టుకుని ఉన్నాడు. షాఫ్ట్ కొలత తప్పు కాదు.

తప్పని ఎవరూ అనలేదు. అయినా అడిగినవాడికీ అడగనివాడికీ అదే చెప్పేవాడు. అన్నం ముందు కూర్చుని భార్యకూ అదే చెప్పాడు.

కాకినాడ రేవు వెనక సందులో కరీముల్లా ఇనుము చెక్కే లేత్ షాపు ఉంది. చేపల బోట్ల ఇంజన్లకు కావలసిన సామాను అక్కడ తయారవుతుంది. కరీముల్లాను రేవులో అందరూ ఉస్తాద్ అంటారు. దొరబాబు పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఇప్పుడు అతనూ పిల్లలున్న మనిషి. ఉస్తాద్ కళ్ళకు పొరలు కమ్మాక షాపులో కొలతలన్నీ అతనివే. మిగతావాళ్ళు సన్న కొలతలు తీసే పనిముట్టయిన వెర్నియర్‌ని వెలుతురుకు తిప్పి, కళ్ళు చికిలించి, వేలితో గీతలు లెక్కపెడితే, దొరబాబు ఒక్క చూపు చూసి అంకె చెప్పేవాడు. ఆ సంగతి రేవంతటికీ తెలుసు. అతనికీ తెలుసు.

ఎల్లాజీ ఇంజను డ్రైవరుగా ఉన్న బోటుకి, నీళ్ళలో పంకా తిప్పే షాఫ్ట్ చేసింది దొరబాబే. ఒడ్డు కనిపించనంత దూరంలో ఆ షాఫ్ట్, తను తిరిగే కంచు గొట్టమైన బుష్‌లో బిగుసుకుపోయింది. ఇంజను ఆగింది. అప్పటికే గాలి లేచింది. అలలకు అడ్డం తిరిగిన బోటును నిలబెట్టాలని లంగరు వేయబోయిన ఎల్లాజీని నీళ్ళు ఈడ్చుకుపోయాయి. మిగిలినవాళ్ళను ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. అతను మాత్రం దొరకలేదు.

తర్వాత రేవులో ఒక మాట పుట్టింది. డ్రైవరు బుష్‌కి గ్రీజు పెట్టి ఉండడని. తను పోయిందే కాక పక్కవాళ్ళ ప్రాణాల మీదికి తెచ్చాడని. ఆ మాట ఎల్లాజీ భార్య కాసులమ్మ చెవిన పడింది. ఆమె నీళ్ళకు వస్తే కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడటం ఆపేస్తున్నారు.

ముసురు పట్టిన ఒక పొద్దున, ఆ బోటు నడిపే సరంగు పోలయ్య పాత షాఫ్ట్‌నూ పగలగొట్టి తీసిన బుష్‌నూ గోనెలో చుట్టుకుని షాపుకు తెచ్చాడు. బోటు మళ్ళీ వేటకు వెళ్ళాలి, కొత్తది చేసిపెట్టమన్నాడు. గోనె విప్పి నేల మీద పరిచాడు. షాఫ్ట్ ఒకచోట నల్లగా కాలి చీరుకుపోయి ఉంది.

బుష్ అంచున గట్టిపడినదాన్ని పోలయ్య గోటితో గీకాడు. గ్రీజు పెట్టినట్టే ఉంది మరి, అన్నాడు తనలో తను.

దొరబాబు చప్పున లేచాడు. వెర్నియర్ తీసి, షాఫ్ట్ మీద దెబ్బ తగలని చోట దవడల మధ్య పట్టాడు. పోలయ్యకు కనిపించేలా వంచి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. పైన కదలకుండా ఉన్నది మిల్లీమీటర్ల స్కేలు. కింద జరిగేది చిన్న స్కేలు. ముందు కిందిదాని సున్న పైన ఏ గీత దాటిందో చూడాలి. ముప్పై నాలుగు దాటింది, ముప్పై ఐదుకు చేరలేదు. మిగిలిన ముక్క ఎంతో కింది గీతలు చెబుతాయి. వాటిలో ఏదో ఒక్కటే పై గీతతో కలిసి ఒకే గీతలా నిలబడుతుంది. ఇక్కడ నలభై ఏడోది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరింట రెండు వంతులు. నలభై ఏడు రెళ్ళు తొంభై నాలుగు.

"ముప్పై నాలుగు పాయింట్ తొమ్మిది నాలుగు," అన్నాడు. "బుష్ కంపెనీది, రంధ్రం కచ్చితంగా ముప్పై ఐదు. గ్రీజు ఆడటానికి ఎంత ఖాళీ ఉండాలో అంత ఉంది. ఎల్లాజీకి కూడా ఇదే చూపించాను."

చూపించిన మాట నిజమే. షాఫ్ట్ కోసం వచ్చిన రోజు ఎల్లాజీ దాన్ని బుష్‌లో దూర్చి చేత్తో తిప్పాడు. బిగుతుగా తగులుతోందేమో అని నసిగాడు. దొరబాబు వెర్నియర్ అతని కళ్ళ ముందు పెట్టి అంకె చదివాడు. నాలుగు రోజులు తిరిగితే అదే వదులవుతుందన్నాడు. అంకె విన్నాక ఎల్లాజీ సరేనన్నాడు. షాఫ్ట్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పోలయ్య తల ఊపాడు. అయితే మావాడిదే తప్పయి ఉంటుందన్నాడు. ఆ మాట అతనికి నోటినిండా రాలేదు.

గోడవార స్టూలు మీద కూర్చున్న ఉస్తాద్ చెయ్యి చాపాడు. దొరబాబు వెర్నియర్ అందించాడు. ఆయన గీతల వైపు చూడలేదు. దవడలకు అంటిన నూనె లుంగీ అంచుతో తుడిచాడు. రెండు దవడలూ ఒకదానికొకటి ఆనేదాకా మూసి, స్క్రూ బిగించి, తిరిగి ఇచ్చాడు.

"ఇప్పుడు చదువు."

"మధ్యలో ఏమీ లేదు కదా ఉస్తాద్."

"ఆ ఏమీ లేనిదే చదువు."

దొరబాబుకు ఒక్క చూపుకు అందలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి వెలుతురుకు తిప్పాడు. దవడలు మూసినప్పుడు కింది సున్న పై సున్నకు ఎదురుగా నిలబడాలి. నిలబడలేదు. ఎడమ పక్కకు జరిగి ఉంది. గీతల వెంట వేలు పోనిచ్చాడు. పై గీతతో కలిసి నిలబడ్డది నలభై ఏడోది.

సున్న వెనక్కి జరిగింది కాబట్టి చివరి నుంచి లెక్కపెట్టాలి. చివరి గీత యాభై. దానికి మూడు గీతలు తక్కువ. అంటే నూరింట ఆరు వంతులు. ఏళ్ళ తరబడి ఇనుము కరిచి కరిచి దవడలు అరిగాయి. అవి అరిగినంత మేరా ఈ వెర్నియర్ ప్రతి వస్తువునూ తక్కువ చేసి చెబుతోంది. ఆ ఆరూ కలిపితే షాఫ్ట్ ముప్పై ఐదు. రంధ్రం ఎంతో షాఫ్టూ అంతే. ఎంత గ్రీజు పెట్టినా లోపలికి వెళ్ళడానికి చోటు లేదు.

ఎల్లాజీ చేతికి తగిలిన బిగుతు నిజం.

దొరబాబు అది పోలయ్యతో చెప్పాడు. ఎలా చెప్పాడో అతనికే తెలియదు. పోలయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి బయటికి వెళ్ళి, చూరు కింద కూడా ఆగకుండా వానలో నిలబడ్డాడు.

"కొత్తలో కొలిచే ముందు ప్రతిసారీ మూసి చూసేవాడివి," అన్నాడు ఉస్తాద్. "తర్వాత దవడలు మూసే ఆ చప్పుడు వినపడటం మానేసింది."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నీ కొలత తప్పేది కాదు. నాకూ అలవాటైపోయింది."

దొరబాబు లేత్ వైపు చూశాడు. ఇక దాన్ని ముట్టుకోనన్నాడు. ఉస్తాద్ అప్పటికే స్టూలు మీంచి లేచి, చేతికర్ర కోసం గోడ తడుముతున్నాడు.

పోలయ్య తడిసిన తలతో గుమ్మంలోకి వచ్చాడు. ఎల్లాజీ ఎలాగూ తిరిగి రాడన్నాడు. బోటు యజమాని మంచివాడు కాదు, తెలిస్తే షాపు మిగలనివ్వడన్నాడు. ఇది ఈ ముగ్గురి మధ్యే ఉన్న సంగతి, ఉండిపోయినా ఎవరికీ తెలియదన్నాడు.

ఆ మాట ఎంత హాయిగా ఉందో దొరబాబుకు తెలిసింది. తెలిసినందుకే అక్కడ ఆగలేకపోయాడు. షాఫ్ట్‌ను గోనెలో చుట్టి భుజాన వేసుకున్నాడు. వెర్నియర్ జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు ఆనని ఉస్తాద్ దారి కోసం అతని మోచెయ్యి పట్టుకున్నాడు. పోలయ్య కూడా వెనకే వచ్చాడు.

రేవు వెంట దారంతా బురద. పొలుసులు అంటిన వలలు కుప్పలుగా తడుస్తున్నాయి. షాఫ్ట్ బరువుకు దొరబాబు ఒకటి రెండు సార్లు జారాడు. ఉస్తాద్ ఆగి, అతను నిలదొక్కుకున్నాక మళ్ళీ నడిచాడు.

కాసులమ్మ ఇంటి ముందు వేసిన పందిరి అలాగే ఉంది. మనిషి దొరక్క, దినం ఎప్పుడు చేయాలో తేలక, దాన్ని ఎవరూ విప్పలేదు. తాటాకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. లోపల ఎవరో ముసలామె దగ్గుతోంది.

పందిరి కిందికి వచ్చాక దొరబాబు ఆగాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"ఉస్తాద్, తేడా వెంట్రుకంత. చూస్తే వెంట్రుకంత కూడా ఉండదు."

కరీముల్లా గుమ్మం పక్కన చెప్పులు విడిచాడు.

"ఆ మాట లోపల అనకు," అన్నాడు.