రెండింతల కుంచం

మార్గశిర బహుళ దశమి, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ జరిగిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

దేవుడి వడ్లు దంచే మా ముత్తవ్వ గవరమ్మ కళ్లంలోకి రాజుగారి అధికారి పన్ను కొలవడానికి వచ్చాడు. ఏడాదికి ఇంటికి పది కుంచాలే పన్ను, ఊరి ఒప్పుదల లేకుండా రాజైనా పెంచరాదని గుడిముందు రాతిశాసనం ఉంది. కానీ అతను తెచ్చిన కుంచం పాతదానికి రెండింతలుంది.

“ఇలా కొలిస్తే మాకు విత్తనాలకైనా మిగలవు బాబూ! శాసనం ఏమైంది?”

“పన్ను పెంచానా అవ్వా? పదికి పదే! కుంచం ఎంతుండాలో రాతిమీద లేదుగా,” అని మీసం దువ్వాడు.

గవరమ్మ చెంపలేసుకుంది.

“నిజమే నాయనా, తప్పు నాదే. అయితే ఆ కుంచం పట్టుకుని గుడికి రా. రాజుగారి కొట్టునుంచి స్వామి నైవేద్యానికి రోజూ పది కుంచాల వడ్లివ్వాలని అదే రాతిమీద ఉంది. మా ముప్పై గడపలూ ఇచ్చేది ఏడాదికోసారి. ఆయన ఇచ్చేది రోజూ. ఇవాళ్టినుంచి దీంతోనే కొలవాలని రాజుగారికి నువ్వే చెప్పు.”

అధికారి వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. పాత కుంచంతో కొలుచుకుని, పెద్దదాన్ని అక్కడే వదిలేసి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే మావాళ్లు స్వామికి దండం పెట్టుకుని, ఆ పెద్ద కుంచంలో గడ్డి పరిచి కోడిపెట్టను పొదగేశారు. పన్నెండు గుడ్లు పట్టాయట.