పునాది కింది పత్తిగింజలు

మర్వ్ ఊరి పొలాల్లో కాలువ నీటికి ఒక కట్టుబాటు ఉండేది. ఆ నేలకు పత్తిని తెచ్చినవాళ్ళ వారసులకే మొదటి వంతు. ఆ ఏడు నీళ్ళు తగ్గాయి. తెచ్చింది మేమంటే మేమని తగువు కాజీ దాకా వెళ్ళింది.

జుహైర్ తాత ఎక్కడినుంచో వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు. జుహైర్ సేద్యం మీద ఒక పుస్తకం రాశాడు. "ఈ నేలలో మొదట పత్తి విత్తినవాడు మా తాత హుమైద్" అని మొదలుపెట్టాడు. మా తాతలు నేతులు తాగారన్న బాపతే గానీ, పాపం, అతను మనసారా నమ్మాడు. రేపు కాజీ కూడా నమ్మితే, తరతరాలుగా అక్కడే ఉన్న దాదూయ లాంటి ముసలి రైతుల చేలు ఎండిపోతాయి.

పుస్తకం ఎలా ఉందని గురువు షేక్ మిహ్రాన్‌ను అడిగాడు. ఆయన మొదటి వాక్యం చదివి, పుస్తకం మూసి, పార చేతికిచ్చాడు. ఆశ్రమం వెనక గోడ ఒరుగుతోంది, పునాది తవ్వి చూడమన్నాడు.

ఆ గోడ హుమైద్ ఆ ఊరొచ్చిన ఏడే, ఇంకా సేద్యం మొదలుపెట్టకముందు కట్టించింది. జుహైర్ హుషారుగా తవ్వాడు. పునాది రాళ్ళ కిందికి పోయేసరికి పాత రొట్టెల పొయ్యి బయటపడింది. దాన్నిండా బూడిద.

గురువు దోసెడు బూడిద తీసి నీళ్ళ గంగాళంలో వేశాడు. మట్టి అడుక్కి దిగింది. నల్లటి గింజలు కొన్ని పైకి తేలాయి.

ఇవేమిటబ్బా అని జుహైర్ ఒకటి తీసి గోటితో చిదిమాడు. ఇంకొకటి చిదిమాడు. పత్తి చెత్త పొయ్యిలో వేసే అలవాటు అతని ఇంట్లోనూ ఉంది. మాడిపోయినా అది పత్తిగింజేనని పోల్చుకున్నాడు. తాతను తలుచుకుని అతనికి ఏడుపొచ్చింది.

"ఈ పొయ్యి ఎవరిది, హజ్రత్?"

"పేరు తెలియదు. రొట్టెలు కాల్చుకున్నారు."

జుహైర్ కలం తీసి తాత పేరు కొట్టేయబోయాడు. గురువు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయనా విత్తాడు, పేరు ఉండనీ. 'మొదట' అన్నది తీసెయ్. పుట తిరగరాసి, పైన కాస్త చోటు వదులు."

మరునాడు నీటి తగువు విచారణలో కాజీ ఆ పుస్తకం విప్పాడు. మొదటి పుట సగం దాకా ఖాళీగా ఉంది. ఇక్కడ ఎవరి పేరుండాలని అడిగాడు.

జుహైర్ కొంగున కట్టి తెచ్చిన నల్లగింజలు ఆయన ముందు పోశాడు. తరవాత వెళ్ళి నీటి వంతు కోసం వచ్చిన రైతుల వరసలో దాదూయ వెనక నిలబడ్డాడు.