కుట్టు కోతకొచ్చిన రోజు

"ఈసారి కొయ్యూరులో హరికథ నువ్వే చెప్పవే" అని తాయారమ్మగారు అన్న క్షణంలోనే లాస్య గుండెల్లో రాయి పడింది. డిగ్రీ అయ్యాక తోటివాళ్ళంతా ఉద్యోగాలంటూ పరిగెడితే, తను మాత్రం కథ నేర్చుకుంటానని లంబసింగి చలిలో ఈవిడ దగ్గరికొచ్చింది. నేర్చుకోవడం వరకూ బాగానే ఉంది. జనం ముందు నిలబడటమంటేనే భయం.

"అమ్మా, నేను పూర్తిగా తయారయ్యానని ఎలా తెలుస్తుంది?"

తాయారమ్మగారికి అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. చేతికి కొడవలిచ్చారు. "పెరట్లో కుట్టు కోతకొచ్చింది, కోసుకురా. దోసెలు పోసుకుందాం."

కుట్టంటే ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలప్పుడు పిండి చేసుకునే మూడు పలకల గింజ. మన బజార్లో బక్‌వీట్ అంటారు. లాస్య వెళ్ళి చూసింది. ఎర్రటి కాడల మీద కింద నల్లగింజలు, మధ్యలో పచ్చివి, కొసన తెల్లటి పూలు. పాపం, పూత మీదున్నదాన్ని ఎలా కోస్తాం? ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.

"ఇంకా పండాలమ్మా."

"అలాగా? నీ ఇష్టం."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే. ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం గాలి రేగింది. లాస్య పరుగున వెళ్ళేసరికి నల్లగింజలు సగం మట్టిపాలయ్యాయి, పిచ్చుకలు పండగ చేసుకుంటున్నాయి. కొసన మాత్రం అప్పుడే విచ్చిన కొత్త పూలు!

వెనకాలే వచ్చిన తాయారమ్మగారు పకపకా నవ్వారు. "చూడవే, ఆ పిచ్చుకలకి నీకున్న అనుమానాల్లేవు!"

"ఇదసలు మొత్తం ఎప్పుడు పండుతుందమ్మా?" ఏడుపు గొంతుతో అడిగింది లాస్య.

"ఇన్నేళ్ళుగా వేస్తున్నాను. నేనైతే చూళ్ళేదు."

ఇద్దరూ కలిసి మిగిలినదాన్ని పూలతో సహా కోశారు. ఎండబెట్టి, దులిపి, తిరగలిలో విసిరి, జల్లించారు. మొదటి దోసె పెనం మీదే ముక్కలైంది. ఆ ముక్కలే ఊదుకుంటూ తినేశారు. "జిగురులేని పిండిలే" అని ఆవిడ ఉడికిన చామదుంప మెదిపి కలిపారు. ఆ తర్వాతది అంచులు ఎర్రగా కాలి, ఇల్లంతా కమ్మటి వాసనేసి, అట్లకాడ పెట్టగానే చక్కగా లేచొచ్చింది.

అప్పుడే కొయ్యూరు నుంచి మనిషొచ్చాడు. "రేపు కథ చెప్పేదెవరండీ?"

తాయారమ్మగారు పెనం మీంచి తలెత్తలేదు. లాస్యే గొంతు సవరించుకుంది.

"నేనేనండీ."

అనేశాక ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "ఇంకా రెండు పాటలు సరిగ్గా రావట్లేదమ్మా. ఇప్పుడేం చెయ్యను?"

"ముందా దోసె తిను. చల్లారితే గట్టిపడిపోతుంది."