వచ్చే ఏటి కుండ

నా లెక్కలు చూసి చిత్రగుప్తుడే చిన్నబోయేవాడు! అంతటి నాకూ ఆ రోజు చెమటలు పట్టాయి. నేను లెక్కలు రాసే గానుగ సూరమ్మ దాచుకున్న నాణేల కుండ సుంకాల అధికారి వీరబాహు కంటపడింది.

“సుంకం కట్టాక ఇంత సొమ్మెక్కడిదే? దొంగా!” అంటూ కత్తి ఆమె మెడకు ఆనించాడు.

“గుమాస్తా బాబు దాచమంటేనే దాచాను దొరా!”

కత్తి నా మెడమీదికొచ్చింది. నా గుండెదడకు ఇంటి పెంకులు రాలాయి.

“అది వచ్చే ఏటి సుంకం దొరా. సంత సంతకీ తీసిపెట్టించాను. ఇప్పుడే పట్టుకెళ్లండి. రాజముద్ర వేసి రసీదివ్వండి, చాలు.”

రసీదిస్తే సొమ్ము ఖజానాకే చేరాలి, అతని సంచికి కాదు. వీరబాహు పళ్లు కొరికి, ఉత్తచేతులతో వెళ్లాడు.

“బాబూ, నువ్వులు కొనడానికి దాచిన రెండో కుండ చూసుంటే?” అంది సూరమ్మ.

“ఆ పై ఏటి సుంకం అనేవాణ్ణి!” అన్నాను, రాలిన పెంకులు ఏరుతూ.