తలుపు కడియం పట్టిన బాతు

కొంగు అలా లాగకే, చిరుగుతుంది. ఇటు జరిగి పడుకో, ఊఁ కొడుతూ విను. ఊఁ ఆగిందంటే నేనూ ఆపేస్తాను, ఆ తర్వాత బతిమాలినా చెప్పను.

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు లాంటిది కాదులే, సముద్రాల అవతల మంచు కురిసే దేశంలో, రాతికోటల కాలంనాటి ఊళ్ళో, ఒడీల అని ఏడేళ్ళ పిల్ల ఉండేది. తల్లి లేదు పాపం. జబ్బుపడ్డ ఆ తల్లి చివరిరోజుల్లో ఒక బాతుగుడ్డు కూతురి చేతిలో పెట్టి, "దీన్ని వెచ్చగా చూసుకో తల్లీ" అంది. ఒడీల దాన్ని ఉన్నిగుడ్డలో చుట్టి, రాత్రీ పగలూ ఒళ్ళోనే పెట్టుకుంది. ఇంతలోనే తల్లి పోయింది. ఆ తర్వాత గుడ్డు పగిలి పిల్ల వచ్చింది.

దాని పేరు బెర్తా. మన బాతుల్లా కాదు, పెరిగాక నీ భుజం దాకా వస్తుంది, మెడ ఇంత పొడుగు. దానికో పాడు అలవాటు. మెరిసేది కనిపిస్తే చాలు, ముక్కుతో పట్టేసేది. పట్టిందా, ఇక వదల్దు. ఒకసారి నాన్న నడుంపట్టీకున్న ఇత్తడి బిళ్ళ పట్టింది. ఇంకోసారి పొరుగావిడ చెవిపోగు పట్టింది, ఆవిడ లబోదిబోమంది. మూడోసారి సాక్షాత్తు చర్చి ఫాదరుగారి మెళ్ళో సిలువే పట్టుకుంది. "మంకుపట్టంటే నీదేనే!" అని ఆయన నవ్వేశారు.

ఆ దేశంలో చలికాలం ముందు ఒక పండగ వస్తుంది. ఆ రోజు కోటలో విందు, దొరగారికి బాతుకూర. ఊళ్ళో బాగా బలిసిన బాతుని భటుడొచ్చి పట్టుకుపోతాడు. ఆ ఏడు ఎవరి బాతు బలిసిందో వేరే చెప్పాలా?

నాన్నేమో అడవికి కట్టెలకి పోయాడు. భటుడొస్తున్నాడని తెలిసి ఒడీల బెర్తాని చంకన పెట్టుకుని పరుగో పరుగు. ముందు పిండిమర వాళ్ళింటికి వెళ్ళింది. "దొరతో మాకెందుకమ్మా" అని తలుపేసుకున్నారు. ఆ తర్వాత కమ్మరి ఇంటికి వెళ్ళింది. వాళ్ళూ తలుపేసుకున్నారు. ఇక మిగిలింది చర్చి.

చర్చి తలుపుకి సింహం బొమ్మ, దాని నోట్లో పెద్ద ఇత్తడి కడియం. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ప్రాణభయంతో వచ్చినవాళ్ళు ఆ కడియం పట్టుకుని, సాయంత్రం గంట కొట్టేదాకా వదలకపోతే, రాజైనా సరే వాళ్ళ జోలికి వెళ్ళకూడదు.

ఒడీల ఎగిరింది, అందలేదు. మళ్ళీ ఎగిరింది, ఊహుఁ. ఈలోగా భటుడు వీధి మలుపు తిరిగాడు. అప్పుడు ఒడీల బాతుని రెండు చేతులా తలపైకి ఎత్తింది. ఎదురుగా కడియం తళుక్కుమంది. బెర్తా టక్కున పట్టేసింది!

"పిల్లా, కట్టుబాటు మనుషులకి. అది బాతు!" అన్నాడు భటుడు.

ఫాదరుగారు బయటికొచ్చారు. "ప్రాణభయం దానికి మాత్రం ఉండదటయ్యా? గంట కొట్టేదాకా ఆగు. వదిలిందా, తీసుకుపో."

బెర్తా వదల్లేదు. కానీ అయ్యో, ఒడీల చేతులు! లాగాయి, తిమ్మిరెక్కాయి, కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. "వెచ్చగా చూసుకోమంది మా అమ్మ" అని వెక్కుతోంది, చేతులు మాత్రం దించదు.

భటుడు చూశాడు. చూసి చూసి, ఈటె గోడకి ఆనించి, ఏదో గొణుక్కుంటూ వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల మోచేతుల కింద తన అరచేతులు పెట్టాడు. "నాకూ ఉందిలే ఇంట్లో ఒకతె" అన్నాడు. గంట మోగేదాకా అలాగే ఉన్నాడు, పిచ్చితండ్రి.

ఆ పండక్కి దొరగారు బఠాణీల పులుసే తిన్నారు. మూతి ముడుచుకునే తిన్నారనుకో. కట్టుబాటు కదా, నోరెత్తలేకపోయారు.

ఏమే, నిద్రొస్తోందా? కొంగు వదిలేశావేం? పట్టుకో, గట్టిగా పట్టుకునే పడుకో. చిరిగితే చిరిగింది. నా కొంగు పట్టుకున్నవాళ్ళ జోలికి ఎవరొస్తారో నేనూ చూస్తాను.

కథేమో కంచికెళ్ళింది,
బాతేమో గూటికెళ్ళింది,
కొంగు పట్టిన చిట్టితల్లి
కునుకులోకి వెళ్ళింది.