అతుకు వేసిన బద్దలు

వెంగళరాజుగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. గోదావరి ఒడ్డున విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఆ పెద్దాయన అలవాటే అంత. ఆ సంగతి తెలిసీ శిష్యుడు పురుషోత్తం నోరు ఊరుకోలేదు. న్యాయమూ గణితమూ చదివి వచ్చినవాడు మరి.

“గురువుగారూ, ధర్మశాస్త్రం తెరిస్తే నిషేధాలు. లెక్కల్లో ప్రతి సూత్రానికీ ఇంతవరకే చెల్లుతుందని ఒక హద్దు. ప్రకృతిని పరిశీలించినవాళ్ళూ ఫలానాది జరగదనే చెబుతారు. ఇక మన వైద్యమంతా పథ్యాలే. ఇంత చదువూ మనిషికి ‘వద్దు’ అని చెప్పడానికేనా?”

“పొద్దున్నే పొరుగూరు వెళ్తున్నాను. ఎల్లుండి ఉదయానికి వస్తాను. ఈలోగా ఎవరైనా వస్తే కట్టు నువ్వే కట్టు,” అన్నారు రాజుగారు, నూరుతున్న ఆకు మీంచి తల ఎత్తకుండా.

మర్నాడు మధ్యాహ్నం సూరమ్మ వచ్చింది. బుట్టలు అల్లుకు బతికే మేదర మనిషి. రాజుగారి కట్లకు వెదురు బద్దలు చీరి ఇచ్చేదీ ఆవిడే, ముప్పయ్యేళ్ళుగా. వెదురు మోపు జారి మీద పడి కుడి ముంజేయి విరిగింది. ఇంట్లో చూపులేని అత్త తప్ప మరో మనిషి లేదు. ఆ చెయ్యి ఆడితేనే ఇద్దరికీ ముద్ద.

“మళ్ళీ కత్తి పట్టగలనా పంతులుగారూ?” అని మూడుసార్లు అడిగింది. పురుషోత్తం మనసు కరిగిపోయింది. జాలికి భయం తోడైంది. ఎముకను సరిగ్గానే కూర్చాడు. ఆ తరువాత, ఈ చేతిలో వెంట్రుకవాసి కూడా కదలకూడదనుకున్నాడు. అటక మీది బద్దలు తీసి చూస్తే అరచేతి దగ్గరే ఆగిపోతున్నాయి. పొట్టివనుకుని ఒక్కోదానికీ ఇంకో ముక్క అతికి, మోచేయి పైనుంచి వేళ్ళ చివరిదాకా బిగించేశాడు.

“బద్ద సాలక కాదండీ,” అంది సూరమ్మ. “సేతి యేళ్ళు బయటుండాలనే అక్కడికి కోత్తాను.”

“నీకెందుకు, నేను చూసుకుంటానుగా,” అని పురుషోత్తం దానిమీద పదిహేడు నిషేధాలు చెప్పాడు. వంకాయ వద్దు, చింతపండు వద్దు, గడప దాటొద్దు. చెయ్యి అదురుతుందని గట్టిగా నవ్వడం కూడా వద్దన్నాడు. పాపం, ఆవిడకు నవ్వొస్తే కదా.

మర్నాడు ఉదయం గురువుగారు వచ్చేసరికి సూరమ్మ నొప్పి ఓర్చుకోలేక ఆయన అరుగు మీద కూచుని ఏడుస్తోంది. రాజుగారు కట్టు విప్పారు. వేళ్ళు ఉబ్బి నీలం తిరిగి ఉన్నాయి. ముడవమంటే ఒక్కటీ ముడుచుకోలేదు.

“నువ్వు కట్టింది ఎముకకా, సూరమ్మకా?” అన్నారాయన.

అతుకులు ఊడదీసి, పాత కొలతకే మళ్ళీ కట్టారు. కట్టు కిందికి తన చిటికెనవేలు దూర్చి బిగువు చూసుకున్నారు. “సూరమ్మా, ఇక్కడ విరిగిన ఎముక కదలకూడదు. అదొక్కటే. వేళ్ళు మాత్రం గంటకోసారైనా ఆడించు. వంకాయ తిను, నవ్వు.”

ఆనాటినుంచి పురుషోత్తం రోజూ మేదర వీధికి వెళ్ళేవాడు. ఎదుట కూచుని వేళ్ళు ముడిపించేవాడు. మొదటిరోజు బొటనవేలు ఒక్కటే ఆడింది. వారానికి చిటికెనవేలు కదిలితే అత్తాకోడళ్ళకంటే ముందు తనే కేక వేశాడు. నెల తిరిగేసరికి సూరమ్మ ఆ వేళ్ళ మధ్యే వెదురు ఈనె పట్టుకుని, ఎడమచేత్తో బుట్ట అల్లుతోంది.

నలభై అయిదోరోజున కట్టు విప్పారు. చెయ్యి చిక్కిపోయింది కానీ పిడికిలి బిగిసింది. కొన్నాళ్ళకు ఆవిడే వెదురు చీరి కొత్త బద్దల కట్ట తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒక్కోదాన్నీ తన ముంజేతి మీద ఆనించి చూసుకున్నాడు పురుషోత్తం. అన్నీ అరచేతి దగ్గరే ఆగాయి. కళ్ళు తుడుచుకుని, సిగ్గుపడకుండా నవ్వాడు.

“ఇంతకీ ఆవేళ ఏదో అడిగావు, ఏమిటోయ్ అది?” అన్నారు రాజుగారు.

పురుషోత్తం ఒక బద్దను మళ్ళీ ముంజేతికి ఆనించి, దాని అవతల వేళ్ళు ముడిచి విప్పి చూపించాడు.

“సరేలే. అటక మీద పెట్టు. ఈసారి అతుకు వెయ్యకు.”