గరుకు వైపు పైకి

పరదేశయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు వాళ్ల చేతికి ఏదో ఒక పని అందించేవారు. ఉద్యోగం నుంచి విరమించాక కూడా సాయంత్రాలు ఆయన అరుగు మీద మేం నలుగురం చేరేవాళ్లం. మధ్యలో అడ్డాకుల గుట్ట, పక్కన సన్నగా చీల్చిన వెదురు పుల్లలు. విస్తళ్లు కుడుతూ అడగవలసింది అడగాలి. "ఖాళీ చేతులతో అడిగేవాడు జవాబుకు తొందరపెడతాడురా" అనేవారు. సగం విస్తరి కుట్టేసరికి కొందరు ప్రశ్నే మరిచిపోయేవారు. అలా మరిచిపోయిన ప్రశ్నల మీద ఆయనకు పెద్దగా విచారం ఉండేది కాదు.

ఆ రోజు ప్రశ్న లోకనాథానిది. మాస్టారి పాత శిష్యుడు, ఇప్పుడు కలప అడితి నడుపుతున్నాడు. మా ఊరి ఆస్పత్రికి ఊరంతా తలా ఒకటి సమకూరుస్తున్న రోజులవి. ఒకరు పరుపులు, ఒకరు బకెట్లు, ఒకరు నీళ్ల కుండలు. ఏ వస్తువు చూసినా దాని మీద ఇచ్చినవారి పేరు, వారి తండ్రిగారి పేరు, కొన్నింటి మీద తాతగారి పేరు కూడా. లోకనాథం తన వంతుగా రోగులు కూర్చోవడానికి మంచి టేకుతో చేరబడే బెంచీ ఒకటి చేయించాడు. రంగులు వేసే మనిషి కుంచె పట్టుకుని అడితిలో కాచుకుని ఉన్నాడు.

"మాస్టారూ, బెంచీ మీద నా పేరు రాయించుకోనా, వద్దా? రాయిస్తే గొప్పకు ఇచ్చాడంటారు. రాయించకపోతే అసలు ఇవ్వలేదంటారు. మా ఆవిడైతే రాయించి తీరాలంటోంది."

మాస్టారు రెండు ఆకులు తీసి అతని చేతిలో పెట్టారు. "కుట్టు నాయనా. నేను పెదగొంది బళ్లో పనిచేసేటప్పటి ముచ్చట ఒకటి చెబుతాను" అన్నారు. ఆయన చెప్పినది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

పెదగొంది కొండల నడుమ ఉన్న చిన్న ఊరు. వారానికో సంత, ఒక సర్కారు ఆస్పత్రి, అందులో రూతమ్మ అనే నర్సు. పై కొండల్లోని పల్లెలకు రోడ్డు లేదు. కాన్పు వస్తే ఆడమనిషిని డోలీలో తేవాలి. డోలీ అంటే మరేం లేదు, పొడుగాటి వెదురు బొంగుకు వేలాడగట్టిన దుప్పటి. ముందొకరు, వెనకొకరు భుజం పెట్టి మోస్తారు. వానాకాలంలో దారిలోని గెడ్డ, అదే కొండవాగు, పొంగితే డోలీ అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. మీదివలస అనే పల్లెలో దాసు అనే పెద్దమనిషి ఉండేవాడు. అతని కూతురు కొండమ్మ క్రితం ఏడు అలాగే గెడ్డ ఒడ్డున ఆగిపోయి, బిడ్డ దక్కక ఒట్టి చేతులతో ఇంటికి తిరిగి వెళ్లింది. ఇప్పుడా పిల్లకు మళ్లీ నెలలు. ఈసారి కూడా నెలలు నిండేది వానల్లోనే.

అందుకని రూతమ్మ ఊరి పెద్దలను కూర్చోబెట్టి అడిగింది. "ఆస్పత్రి పక్కనే ఒక గది కట్టండయ్యా. కడుపుతో ఉన్నవాళ్లు వానలకు ముందే వచ్చి, పురుడు పోసుకునేదాకా ఇక్కడే ఉంటారు. గెడ్డ దాని పాటికది పొంగుతుంది, మన పాటికి మనం పురుళ్లు పోసుకుంటాం." ఊరు సరేనంది. చందాలు మొదలయ్యాయి. కాఫీ, మిరియాలు కొనే సోమలింగం గారు, "గోడలు పూర్తిగా నావి" అని మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. చెడ్డవాడు కాదు. కాకపోతే గోడలు లేచీ లేవకముందే పట్నం నుంచి నల్లరాయి ఒకటి తెప్పించారు. అద్దంలా నునుపు, దాని మీద ఆయన పేరు బంగారు రంగు అక్షరాల్లో. గుమ్మం పక్క గోడకు ఆనించి నిలబెట్టారు.

ఆ రాయి వచ్చిన మర్నాటి నుంచి చందాలు ఆగిపోయాయి. ఊరు అనేది, "ఆయన గదే కదా, కప్పు కూడా ఆయనే వేసుకుంటాడు" అని. ఆయన అనేవారు, "గోడలు నేను కట్టాక కప్పైనా వేసుకోలేదా ఇంత ఊరు?" అని. రెండూ సబబుగానే వినిపించేవి. మధ్యలో గోడలు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాయి. దాసు సంతకు వచ్చినప్పుడల్లా ఆ గోడల ముందు ఆగి, పైన మబ్బులు చూసి వెళ్లిపోయేవాడు.

చివరికి మా బడి పంతుళ్లమే ఒక ఉపాయం పన్నాం. సంతరోజున ఒక డోలీని సంత మధ్యగా ఊరేగించాలి, చూసినవాళ్లు తోచింది ఇస్తారు. ఆ పొద్దున ముందుగా సోమలింగం గారు మీదివలసలో డోలీ ఎక్కితే ఒక ఫోటో తీసి బజారులో పెట్టాలి. ఫోటో అనేసరికి ఆయన ఉత్సాహంగా ఒప్పుకున్నారు. రోడ్డు ఉన్నంతవరకు జీపులో వచ్చి, ఆ పైన ఆయాసపడుతూ మీదివలసకు ఎక్కారు. పట్టు పంచె సర్దుకుని డోలీలో కూర్చున్నారు. దాసు ముందు, అతని అల్లుడు వెనక, బొంగు భుజానికెత్తారు. ఫోటో అయింది.

"ఊఁ, ఇంక దింపండి" అన్నారు సోమలింగం గారు.

"దింపకూడదు బావూ" అన్నాడు దాసు.

"అదేంటి?"

"ఎత్తిన డోలీ ఆస్పత్రి గుమ్మంలోనే దిగాల. నడిమిన నేలకి ఆనితే లోపలున్నోళ్లకి మంచిది కాదు. తాతల నాటి కట్టు బావూ ఇది."

"నాకేం రోగమయ్యా! ఫోటోకి ఎక్కాను."

"రోగం సంగతి డోలీకేటి తెలుస్తాది బావూ? మనిషెక్కాడని తెలుస్తాది."

ఫోటోకి ఎక్కే మనిషి ఒకడుంటాడని ఆ కొండల్లో ఎవరికీ తట్టలేదు. దిగే సంగతి ముందే చెప్పాలని వాళ్లకూ తోచలేదు, అడగాలని మాకూ తోచలేదు. "నేను దూకేస్తాను" అన్నారాయన. "దూకండి బావూ. కానైతే దూకినోళ్లని మరి జన్మలో డోలీ ఎక్కించుకోం" అంది పక్కనే నిలబడ్డ కొండమ్మ. తన బరువుతో తాను వగరుస్తూనే నవ్వుతోంది. సోమలింగం గారికి వ్యాపారంలో ఎంత ధైర్యమో శకునాల దగ్గర అంత పిరికితనం. నేలకు ఆనితే మంచిది కాదన్న మాట ఆయన చెవిలో దిగబడిపోయింది. బొంగును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, "పదండి మరి" అన్నారు.

డోలీలో పడుకున్నవాడికి దారి కనిపించదు. ఆకాశం, బొంగు, అంతే. మోసేవాళ్ల ముఖం కూడా కనిపించదు. ఇంకొక కట్టు కూడా ఉంది అక్కడ. డోలీ ఎదురైతే ఎవరైనా సరే, ఏ పని మీద పోతున్నా సరే, నెత్తి మీది మూట పక్కనున్నవాళ్లకు ఇచ్చి కొంత దూరం భుజం పట్టాలి. ఆ రోజు సంత కదా, దారి నిండా జనం. నడక ఆగకుండానే ఒక భుజం తప్పుకునేది, ఇంకొకటి దూరేది. కాసేపు పొగాకు వాసన. కాసేపు పచ్చి పసుపు కొమ్ముల వాసన. ఒకచోట గాజులు గలగలమన్నాయి.

"ఎవరమ్మా అది?" అని అడిగారు సోమలింగం గారు. అప్పటికే భుజం మారిపోయింది. కొంచెం దూరం పోయాక మళ్లీ, "ఎవరు బాబూ ఇప్పుడు పట్టింది? పేరేంటి?" అన్నారు.

"పేరు సెప్తే ఊపిరి పోతాది బావూ, ముందర గట్టుంది" అంది ఒక గొంతు. ఆడగొంతో మగగొంతో కూడా ఆ ఆయాసంలో తెలియలేదు.

గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. దుప్పటి తడిసి ఆయన వీపు జివ్వుమంది. "జాగ్రత్త నాయనలారా" అన్న మాట ఆ దారిలో ఆయన ఎన్నిసార్లు అన్నారో! ముందురోజు పడిన అకాల జల్లుకు ఆస్పత్రి గుమ్మం ముందు అంతా బురద. చివరి అడుగులో ముందున్నవాడి కాలు సర్రున జారింది. డోలీ ఒక పక్కకు వాలింది. సోమలింగం గారు కెవ్వుమన్నారు. ఎవరో భుజం అడ్డం పెట్టి నిలబెట్టారు.

ఆ కేక విని రూతమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. డోలీ చూసిందంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. "భయపడకమ్మా, వచ్చేశావు. నొప్పులు ఎప్పటినుంచి?" అంటూ దుప్పటి తొలగించింది. లోపల బుర్రమీసాలు.

సోమలింగం గారు ఆవిడ ముఖంలోకి చూశారు. "పొద్దున ఫోటో తీసిన దగ్గర్నుంచి తల్లీ" అన్నారు.

సంతంతా నవ్వింది. ముందుగా నవ్వింది ఆయనే, అది చెప్పాలి. తడిసిన పంచె పిండుకుంటూ లేచి, మోసినవాళ్లకు ఏదైనా ఇద్దామని చుట్టూ చూశారు. దాసు, అల్లుడు ఎక్కడో వెనక మెల్లగా వస్తున్నారు. చివరన పట్టినవాళ్లు అప్పుడే తమ మూటలు తీసుకుని జనంలో కలిసిపోయారు. పసుపు వాసన ఎవరిదో, గాజులు ఎవరివో? ఆయన సంతలోకి నడిచి ఒక్కొక్క భుజమే చూసుకుంటూ పోయారు. బొంగు ఒరుసుకుని కాయ కాసిన భుజాలే అన్నీ. ఎవరికని దండం పెట్టడం? కాసేపు అటూ ఇటూ తిరిగి, చేతిలో తీసిన డబ్బు చేతిలోనే పట్టుకుని గది దగ్గరకు తిరిగొచ్చారు.

అక్కడ తాపీమేస్త్రి అప్పన్న ఉన్నాడు. సోమలింగం గారు మోసినవాడి కాలు జారిన చోటు చూశారు, గోడకు ఆనించిన తన రాయిని చూశారు.

"అప్పన్నా, డోలీ దించే చోట గట్టిగా ఏదైనా పరవాలయ్యా. లేకపోతే ఎవరికైనా నడుం విరుగుతుంది. ఆ రాయి సరిపోతుందా?"

అప్పన్న కంగారుపడ్డాడు. "అది మీ పేరున్న రాయి బాబూ!"

"సరిపోతుందా, లేదా?"

"కొలిచినట్టు సరిపోతుంది. అక్షరాలు పైకి కనపడేలాగే పరుస్తాను లెండి."

"నీకు బుద్ధుందా? అటువైపు నునుపయ్యా. వానలో కాలు నిలుస్తుందా దాని మీద? గరుకు వైపు పైకి పెట్టు" అని కసిరారు సోమలింగం గారు.

అప్పన్న ఆ సాయంత్రమే రాయి పరిచాడు. ఈ మాట సంతలోంచి కొండలకు, కొండల్లోంచి సంతకు తిరిగింది. తర్వాతి సంతకు ఒకరు రేకులు మోసుకొచ్చారు, ఒకరు దూలాలకు కర్ర. కోళ్లు తెచ్చినవాళ్లు ఉన్నారు, ఆ కోళ్లు అమ్మి మేకులు కొన్నాం. పసుపు కొమ్ముల బస్తా ఒకటి ఎవరో గుమ్మంలో దించి పేరు చెప్పకుండా వెళ్లిపోయారు. సోమలింగం గారు ఆ బస్తా దగ్గర కూర్చుని చాలాసేపు వాసన చూశారని రూతమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

వానాకాలం రాకముందే కప్పు పడింది. గెడ్డ ఇంకా పొంగకముందే కొండమ్మ డోలీలో వచ్చింది. ఆ రోజు గుమ్మంలో ఒకటే జల్లు. మోసినవాళ్లు ఆ రాయి మీద కాళ్లు నిలదొక్కుకుని, తొణకకుండా డోలీ దింపారు. తర్వాత కొన్నాళ్లకు గెడ్డ పొంగి ఒడ్లు ఒరుసుకుని పారింది. ఆ హోరులోనే కొండమ్మ ఆడపిల్లను కన్నది. దాసు అవతలి ఒడ్డున నిలబడి అరిస్తే, ఇవతలి ఒడ్డు నుంచి సోమలింగం గారు గొంతు చించుకుని కబురు అందించారు. నీళ్ల చప్పుడులో ఆడపిల్లో మగపిల్లాడో దాసుకు వినపడలేదట. ఎవరో బతికారని మాత్రం తెలిసి, ఆ ఒడ్డునే వానలో చిందులు వేశాడు.

మాస్టారు ఇక్కడికి చెప్పి ఆపారు. చీకటి పడబోతోంది. లోకనాథం చేతిలో విస్తరి ఎప్పుడో పూర్తయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"బాగుంది మాస్టారూ. అయితే నన్ను రాయించుకోవద్దంటారు" అన్నాడు కాస్త దిగులుగా.

"నేనలా అన్నానా?"

"మరి? అవతల రంగు ఎండిపోతోంది. మా ఆవిడ అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పండి."

మాస్టారు అతని చేతిలోంచి విస్తరి తీసుకుని, కుట్టు సరిగా ఉందో లేదో వేలితో తడిమి, కట్టలో పెట్టారు.

"రాయించుకో నాయనా. పెద్ద అక్షరాలతోనే రాయించుకో. కాకపోతే, కూర్చున్నవాళ్ల వీపు ఆనే చోట రాయించు."